మీరంటే శానామంది

పోయిన సోమవారం సాయంత్రం మా మనవరాలు కల్లూరులో షేర్ ఆటో దిగి, ఇంట్లోకి వస్తూనే ఉప్పు వేసిన వేడినీళ్ళు అడిగింది. గొంతు పూర్తిగా పోయింది. ఈ మధ్యనే ఒక బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరింది. చేరగానే ఏడో తరగతి ఆమెకు అప్పగించారు. నీళ్ళు పుక్కిలించి వచ్చి, నా ఎదురుగా మంచం మీద కూర్చుని బొంగురు గొంతుతో చెప్పింది.

"తాతా, ఈపొద్దు పాఠం మధ్యలో నా ఫోను మోగింది. బ్యాగంతా వెతికినా. తీసి చూస్తే సైలెంటులో ఉండాది. లోపల పెట్టినానో లేదో, మళ్ళా మోగింది. మళ్ళా వెతికినా. చూస్తే వెనక బెంచీలో ఒకడు నోటితో కూస్తాండాడు. అచ్చం నా ఫోను మాదిరే."

ఆమె ఏడుపు ముఖం పెట్టింది. నేను మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "అంత బాగా కూసినాడా? నువ్వు నిజంగానే మోసపోయినావా?" అని అడిగాను. ఆమె నావైపు కోపంగా చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ కోపం న్యాయమే. కానీ ఆ నిమిషంలో నేను కల్లూరులో లేను. కడప జిల్లాలో, వేంపల్లెకు అవతల, నాపరాయి గనుల పక్కనున్న మా హైస్కూల్లో, ఏడో తరగతి గదిలో ఉన్నాను.

ఇన్నేళ్ళుగా డైరీలు రాస్తున్నా ఈ సంగతి వాటిలో లేదు. డైరీ మొదలుపెట్టక ముందటిది. అందుకే జ్ఞాపకం చెదరకముందే వరుసగా రాసి పెడుతున్నాను.

మా బడి అంతా బండలే. నేల నాపబండ, పైకప్పు నాపబండ, చుట్టూ కంచె కూడా నిలువుగా పాతిన నాపబండలే. బెంచీ అంటే రెండు రాళ్ళ మీద పరిచిన పొడుగాటి బండ. చలికాలం పొద్దున దానిమీద కూర్చుంటే చలి వీపుదాకా ఎక్కేది. ఎండాకాలం కూర్చునే ముందు పలక వేసుకునేవాళ్ళం. కిటికీలకు తలుపులు లేవు. గాలి ఒకవైపు నుంచి వీస్తే గనుల రాతిపొడి, ఇంకోవైపు నుంచి వీస్తే కళ్ళాల్లో ఎండుతున్న చెనక్కాయల వాసన వచ్చేవి. మట్టి అంటుకున్న పచ్చి వేరుశనగ వాసన అది. ఈరోజుకీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ఇంగ్లీషు గ్రామరు గుర్తొస్తుంది.

బండ నేల అల్లరికి చాలా అనుకూలం. సారు బోర్డువైపు తిరగ్గానే వెనకనుంచి ఒక చింతగింజ వదిలితే, అది టకటకమంటూ గదంతా దొర్లుకుంటూ వచ్చి సారు చెప్పు దగ్గర ఆగేది. ఎవరు వదిలారో కనుక్కోవడం ఎవరివల్లా కాలేదు. నేను క్లాసు లీడరును. అల్లరి చేసినవాళ్ళ పేర్లు బోర్డు మూలన రాయడం నా పని. వరుస నంబర్లు వేసి, కింద గీత కొట్టి, శుభ్రంగా రాసేవాణ్ణి. మొదటి నంబరు దగ్గర ఒక పేరు రోజూ రాయాల్సి వచ్చేది కాబట్టి దాన్ని చెరపడమే మానేశాను.

ఆ పేరు గలవాణ్ణి అందరూ 'గంట' అనేవాళ్ళు. ఇంట్లో పెట్టిన పేరు ఆ బోర్డు మీదా, హాజరు పట్టీలోనూ తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. మా బడి గంట అంటే వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. వాడు పెదాలు బిగించి, ముక్కులోంచి ఆ మోత తీసేవాడు. కొట్టిన దెబ్బ ఒక్కటే కాదు, దెబ్బ తర్వాత గాలిలో సన్నగా సాగే రీంకారం కూడా తీసేవాడు. ఎర్రబస్సు హారను, మేకపిల్ల, బండను చీల్చే సుత్తె, అన్నీ వాడి నోట్లో ఉండేవి. వాళ్ళ నాయన గనిలో బండలు తీసే మనిషి. "పుట్టినప్పటినుంచి ఆ మోతల మధ్య పెరిగినోడు, వాని చెవులు మన చెవులు కావు" అనేది మా జేజి, అంటే నాయనమ్మ.

అన్నిటికంటే వాడు బాగా తీసేది హెడ్మాస్టరు దగ్గు. హెడ్మాస్టరు నశ్యం పీల్చి, ముందు ముక్కుతో ఒకసారి, తర్వాత గొంతుతో రెండుసార్లు సవరించుకునేవారు. వరండాలో ఆ మోత వినపడితే బడి మొత్తం సర్దుకుని కూర్చునేది. ఆ మోతను గంట కంపాసుపెట్టెలో దాచుకున్న వస్తువులా వాడుకునేవాడు. అవసరమైతేనే తీసేవాడు.

ఆ సంవత్సరం బడి తెరిచాక మాకు కొత్త ఇంగ్లీషు సారు వచ్చారు. గోదావరి జిల్లా మనిషి. సన్నగా, తెల్లటి చొక్కాతో, చేతిలో బెత్తం లేకుండా వచ్చారు. మిగతా సార్లందరి దగ్గరా బెత్తం ఉండేది కాబట్టి ఆయన పీరియడు మాకు సెలవులా అనిపించింది. మొదటిరోజు ఆయన "అందరూ కూర్చోండి" అన్నారు. మాకు అంతవరకూ తెలిసింది 'కూసోండ్రా' ఒక్కటే. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "ఏవిటి, అలా చూస్తారేవిటి?" అన్నారు సారు.

'ఏవిటి' అనే మాట మాకు పండగలా దొరికింది. ఆ సాయంత్రం బడినుంచి ఊళ్ళోదాకా "ఏవిటండీ, ఏవిటండీ" అనుకుంటూ పోయాం. మర్నాడు హాజరు పిలిస్తే ముందు బెంచీలో ఒకడు "ప్రెజెంటండీ" అన్నాడు. అక్కడినుంచి చివరిదాకా అందరూ అదే. సారు మొదట సంతోషించారు. పదిమంది పలికాక అర్థమైంది.

భోజనానికి ముందు పీరియడు ఇంగ్లీషు. ఒకరోజు సారు బోర్డుమీద వాక్యం సగం రాశారో లేదో గంట మోగింది. ఆయన చాక్‌పీసు జేబులో వేసుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయారు. మేము కేకలు పెడుతూ సంగటి గిన్నెలు తీశాం. వరండాలో హెడ్మాస్టరు ఎదురై, "ఏమప్పా, పాఠం అయిపాయనా? ఇంకా బెల్లు కొట్టలేదే" అన్నారు. సారు వేపచెట్టువైపు చూశారు. గంట కొట్టాల్సిన అటెండరు దాని మొదట్లో తలకింద తువ్వాలు పెట్టుకుని నిద్రపోతున్నాడు.

తర్వాత ఆయన చేయగలిగినవన్నీ చేశారు. గోడకుర్చీ వేయించారు. వెనక బెంచీవాళ్ళను ముందుకు తెచ్చారు. దాంతో అల్లరి కూడా ముందుకొచ్చింది, మళ్ళీ వెనక్కే పంపారు. 'ఐ విల్ నాట్ టాక్' అని పేజీ నిండా రాసుకు రమ్మంటే, గంట దాన్ని తెలుగు అక్షరాల్లో ముత్యాల్లా రాసుకొచ్చాడు. సారు గొంతు కూడా, మా మనవరాలి గొంతులాగే, పది రోజులకు పోయింది.

ఒకరోజు ఆయన ఓర్పు అయిపోయింది. గంటను లేపి నిలబెట్టారు.

"నా పాఠంలోనే ఎందుకురా ఇంత అల్లరి చేస్తావు?"

"నువ్వు చెప్పేది నాకు అర్థం కాల్యా సార్" అన్నాడు గంట. అది నిజం. వాడు ఆ సంవత్సరం చెప్పిన నిజాల్లో అది మొదటిది.

సారు ముఖం మారిపోయింది. "ఏవన్నావు? నువ్వా? మాస్టారిని పట్టుకుని నువ్వంటావా?"

"మరేమనల్ల సార్?"

"మీరు అనాలి."

గంట కాసేపు ఆలోచించాడు. ఆలోచిస్తున్నట్టు నటించలేదు, నిజంగానే ఆలోచించాడు. "మీరంటే శానామంది కదా సార్. నువ్వు ఒక్కనివే ఉండావు."

తరగతి పగలబడి నవ్వింది. పేర్లు రాయడానికి చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డ నేనూ నవ్వాను. సారు చెవులు ఎర్రబడ్డాయి. మా ఊళ్ళో అప్పుడు అమ్మా, నాయనా, దేవుడూ, బస్సు కండక్టరూ అందరూ 'నువ్వే'. గౌరవం గొంతులో ఉండేది. మాట చివర వచ్చే 'అప్పా'లోనో 'సార్'లోనో ఉండేది. గోదావరినుంచి వచ్చిన మనిషికి అది ఎవరు చెప్పాలి? ఆయన గంట భుజం పట్టుకుని హెడ్మాస్టరు గదికి తీసుకుపోయారు. లీడరునని సాక్ష్యానికి నన్నూ రమ్మన్నారు.

మర్నాడు గంట వాళ్ళ నాయన్ని పిలిపించారు. అప్పుడూ నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆయన గనినుంచి నేరుగా వచ్చాడు. తలమీద, కనుబొమ్మలమీద బూడిదరంగు రాతిపొడి. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చి, రెండు చేతులూ జోడించి, "ఏమప్పా హెడ్మాస్టరూ, పిలిపించినావంట" అన్నాడు.

"రాప్పా, కూసో" అన్నారు హెడ్మాస్టరు.

గోదావరి సారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. జోడించిన చేతులు చూశారు. ఆ 'పిలిపించినావంట' విని హెడ్మాస్టరు ముఖంలో ఏమీ మారకపోవడం చూశారు. తర్వాత లేచి తన కుర్చీ జరిపి, "మీరు ఇలా కూర్చోండి" అన్నారు.

గంట వాళ్ళ నాయన వెనక్కి తిరిగి గుమ్మంవైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"నేనొక్కన్నే వచ్చినా సార్. మా ఆడమనిషి రాల్యా" అన్నాడు.

సారు గోడ దగ్గరున్న గంటవైపు తిరిగి చూశారు.

హెడ్మాస్టరుకు ఇవేమీ పట్టలేదు. "నీ కొడుకు వల్ల ఆ తరగతిలో పాఠం జరగల్యా. టీసీ రాసిస్తా, తీసకపో" అన్నారు.

"రాసియ్యప్పా. రేపే గనికి తీసకపోతా. ఆడ ఎంత అరిసినా ఎవురూ ఏమనరు."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. అందుకే నాకు భయం వేసింది. గనికి పోయిన పిల్లలు మళ్ళీ పలక పట్టుకోవడం మేము ఎప్పుడూ చూడలేదు. వాళ్ళు సాయంత్రాలు మా ఆటల దగ్గరికి వచ్చినా, కాసేపు నిలబడి చూసి, అలిసిపోయి ఇంటికి పోయేవాళ్ళు. గంట గోడకు ఆనుకుని తన కాలివేళ్ళ వైపు చూస్తున్నాడు. వాడి నోట్లో ఏ మోతా లేదు.

అప్పుడు సారు అన్నారు: "వాణ్ణి నాకు వదిలెయ్యండి సార్. తప్పు వాడిదొక్కడిదే కాదు."

హెడ్మాస్టరు నశ్యం డబ్బా మూత తీస్తూ ఆలోచించారు. "సరే. దసరా సెలవుల దాకా ఇడిస్తా. ఆలోపల ఆ గదిలోనుంచి ఇంకొక్క తూరి గోల నా రూములోకి వినపడితే టీసీనే. మళ్ళా నన్ను అడగొద్దు."

ఆ మర్నాటి ఇంగ్లీషు పీరియడు నేను ఎన్నటికీ మరిచిపోను. చింతగింజ దొర్లలేదు. ఎవరూ దగ్గలేదు. సారు "రీడ్ ఆఫ్టర్ మీ" అని ఒక వాక్యం చదివారు. ఎవరూ పలకలేదు.

"ఏవిటిది? ఎవరూ మాట్లాడరేం?" అన్నారు సారు.

లీడరును కాబట్టి నేను లేచాను. "గోల వినపడితే వానికి టీసీ ఇస్తారంట సార్. అందుకే గమ్మునుండాం."

సారు పుస్తకం మూసి బల్లమీద పెట్టారు. బోర్డుమీద పెద్దగా 'యూ' అనే మాట రాశారు. "యూ అంటే నువ్వు. యూ అంటే మీరు. రెండిటికీ ఒకటే" అని చెప్పారు.

గంట మెల్లగా చెయ్యి ఎత్తాడు. "సార్, ఇంగ్లీషోళ్ళు వాళ్ళ సారును ఏమంటారు?"

"యూ అనే అంటారు."

"వాళ్ళ నాయన్ని?"

"యూ."

"వాళ్ళ కుక్కను?"

"దాన్నీ యూ అనే అంటారు."

"అయితే వాళ్ళది మన జిల్లానే సార్" అన్నాడు గంట.

నవ్వొస్తే ఎక్కడ బయటపడుతుందోనని మేము నోళ్ళు చేతులతో మూసుకున్నాం. ముందు నవ్వింది సారే. బోర్డుకు చెయ్యి ఆనించి, భుజాలు ఊగేలా నవ్వారు. ఆయనకు నవ్వడం వచ్చని మాకు అంతవరకూ తెలియదు. నవ్వడం అయ్యాక కళ్ళు తుడుచుకుని గంటతో అన్నారు: "ఏదీ, ఆ బస్సు హారను ఒకసారి కొట్టు. మెల్లగా."

గంట నన్ను చూశాడు. నేను బోర్డు మూలన ఉన్న వాడి పేరు చూశాను. "ఫరవాలేదు, కొట్టు" అన్నారు సారు. వాడు కొట్టాడు.

"ఏమొస్తాండాది?" అన్నారు సారు, మా మాట పలుకుతూ. అది ఆయన నోట కొంచెం వంకరగా వచ్చింది.

"బస్సు వస్తాండాది సార్."

"మీరు ఎక్కడ 'తాండా' అంటారో, అక్కడ ఇంగ్లీషువాడు 'ఇంగ్' అంటాడు. వస్తాండాది, ఈజ్ కమింగ్. పోతాండాది, ఈజ్ గోయింగ్. ద బస్ ఈజ్ కమింగ్. గుసగుసగా చెప్పండి చూద్దాం."

అలా మేము ఇంగ్లీషును మొదట గుసగుసల్లో నేర్చుకున్నాం. తరగతి మొత్తం దొంగల్లా ముందుకు వంగి, 'ద బస్ ఈజ్ కమింగ్' అని ఊపిరితో పలికేది. గంట మేకపిల్లలా అరిస్తే 'ద గోట్ ఈజ్ క్రయింగ్'. సుత్తె మోత తీస్తే వాడే ముందుగా 'మై ఫాదర్ ఈజ్ బ్రేకింగ్ స్టోన్స్' అన్నాడు. ఆ వాక్యం వాడికి ఎవరూ నేర్పలేదు. 'స్టోన్' అనే మాట పాత పాఠంలోది, 'బ్రేకింగ్' సారును అడిగి తెలుసుకున్నాడు.

ఇక మాకు పిచ్చి పట్టింది. ఊరంతా 'తాండా'లే కదా. కనిపించిన ప్రతిదానికీ 'ఇంగ్' తగిలించాం. మా జేజి రోట్లో ఊరిబిండి నూరుతుంటే నేను పక్కన నిలబడి, "జేజి ఈజ్ గ్రైండింగ్" అన్నాను. వేయించిన చెనక్కాయలూ మిరపకాయలూ నలుగుతున్న ఘాటుకు నా కళ్ళు మండుతున్నాయి.

"ఏందిరా ఆ గింగులు?" అన్నది జేజి.

"నువ్వు నూరుతాండావు అని ఇంగ్లీషులో."

"నూరేది నాకు తెల్దా? తినేటప్పుడు సెప్పు, దానికి ఏమంటారో."

"ఈటింగ్."

"అదొక్కటీ బాగుండాది" అని ఒక ముద్ద నా చేతిలో పెట్టింది.

ఒక ఆదివారం గంట వాళ్ళింట్లో సారుకు భోజనం పెట్టారు. మేము నలుగురం గుమ్మం దగ్గర నిలబడి చూశాం. ఆకులో సంగటి ముద్ద, పక్కన ఊరిబిండి, గోంగూర పప్పు. సారు సంగటిని అన్నంలా నమలడం మొదలుపెట్టారు. నమిలేకొద్దీ అది పళ్ళకు అంటుకుని ఆయన దవడలు ఆగిపోయాయి.

"నమలగూడదు సార్, మింగల్ల. నువ్వు మింగు, అదే పోతాది" అన్నాడు గంట వాళ్ళ నాయన, ఎంతో ప్రేమగా.

సారు మింగారు. నీళ్ళు తాగారు. "నువ్వు చెప్పినట్టే పోయింది" అన్నారు. ఆ 'నువ్వు' విని గంట వాళ్ళ నాయన ముఖం విప్పారింది. ఆ రోజునుంచి వాళ్ళిద్దరూ ఎక్కడ కలిసినా మాట్లాడుకోకుండా దాటేవాళ్ళు కాదు.

దసరా సెలవులకు ముందు వారం వాన పడింది. చాలా రోజులుగా మబ్బు వచ్చి పోతూ ఉంది. ఆ మధ్యాహ్నం ఒక్కసారిగా బండ కప్పుమీద చినుకులు మోగాయి. చెనక్కాయ గింజ కట్టే సమయంలో వాన ఎంత అవసరమో మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. తరగతి మొత్తం కిటికీల దగ్గరికి పరిగెత్తింది. సారు మమ్మల్ని ఆపలేదు. "ద రెయిన్ ఈజ్ కమింగ్" అని ఆయనే అన్నారు.

మేము అరిచాం. ఆరోజు ఎవరికీ గుసగుసలు గుర్తులేవు. వాన మోతకు మించి అరిచాం. గంట బస్సయ్యాడు, మేకయ్యాడు, సుత్తె అయ్యాడు. ఒక్కో మోతకూ మేమంతా ఇంగ్లీషులో ఒక్క గొంతుతో జవాబిచ్చాం. "ఇంకోటి, ఇంకోటి" అన్నారెవరో. గంట ఊపులో ఉన్నాడు. ముక్కుతో ఒకసారి, గొంతుతో రెండుసార్లు.

"ద హెడ్మాస్టర్ ఈజ్ కమింగ్" అని తరగతి గర్జించింది.

గర్జించాక గుమ్మంవైపు చూశాం. హెడ్మాస్టరు అక్కడ నిలబడి ఉన్నారు. వాన తడికి పంచె అంచు కాళ్ళకు అతుక్కుంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో నశ్యం డబ్బా.

గంట లేచి నిలబడ్డాడు. ఎవరూ అడక్కుండానే పుస్తకాలు సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. సారు బల్ల అంచు పట్టుకుని, "సార్, అది పాఠమేనండీ" అన్నారు. హెడ్మాస్టరు ఆయనవైపు చూడలేదు. గంటవైపే చూస్తూ నాలుగడుగులు లోపలికి వచ్చారు.

"ఏమన్న్యావురా?"

గంట సంచిని రెండు చేతులతో పట్టుకుని సారువైపు చూశాడు.

"నిన్నే. ఏమని అరిచినారు అందరూ?"

"ద హెడ్మాస్టర్ ఈజ్ కమింగ్, సార్."

"అంటే?"

"హెడ్మాస్టరు వస్తాండాడు, అని సార్."

"వస్తాండాడా?" హెడ్మాస్టరు గొడుగు మడిచి గోడకు ఆనించారు. "నేను యాడుండా ఇప్పుడు?"

"ఈడ ఉండావు సార్."

"మరి ఇంకా వస్తాండాడు అంటావేమిరా? వచ్చినాడు అనల్ల. ఈజ్ కమింగ్ కాదు, హ్యాజ్ కమ్. ఏదీ, అందరూ అనండి."

మాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. సారుకు ముందు అర్థమైంది. ఆయన చెయ్యి ఎత్తి సైగ చేశారు.

"ద హెడ్మాస్టర్ హ్యాజ్ కమ్."

"ఇనపడల్యా. వాన పడుతాంది."

మళ్ళీ అన్నాం. బండలు అదిరేలా అన్నాం. హెడ్మాస్టరు వెళ్ళి చివరి బెంచీలో, గంట పక్కన కూర్చున్నారు. సంచిలో పెట్టిన పుస్తకం వాడి చేత మళ్ళీ తీయించి, "ఏం పేజీ అప్పా?" అని సారును అడిగారు.

ఇప్పుడు ఆ గనుల్లో చాలావాటిలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ గది పోయింది. అక్కడ రెండంతస్తుల కట్టడం లేచింది. గోదావరి సారు రెండేళ్ళకు బదిలీ మీద వెళ్ళిపోయారు. గంట పదో తరగతి దాకా మాతోనే చదివాడు. ఆ తర్వాత మా దారులు వేరయ్యాయి. కానీ నేను చిన్నతనం అనుకోగానే ముందుగా వచ్చేది ఆ వాన వెలిసిన సాయంత్రమే.

బడి వదిలాక నేనూ గంటా గని దారిన ఇంటికి వస్తున్నాం. తడిసిన బండల వాసన ముక్కుకు చల్లగా తగులుతోంది. గంట వాళ్ళ నాయన గని గట్టుమీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ అందరూ పని మొదలుపెట్టినా ఆయన సుత్తె ముట్టుకోలేదు.

"గోల ఈడిదాకా వినపడె" అన్నాడు మమ్మల్ని చూసి. "టీసీ ఇచ్చినాడా?"

"ఇయ్యల్యా" అన్నాడు గంట.

"హెడ్మాస్టరు రాల్యానా అయితే?"

"హ్యాజ్ కమ్."

"అంటే ఏందిరా?"

"వచ్చినాడు అని. వచ్చి, మా పక్కన కూసున్న్యాడు. రేపు కూడా వస్తాడంట."

వాళ్ళ నాయన తలమీది తువ్వాలు తీసి ముఖమంతా గట్టిగా తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఇంకొక తూరి సెప్పు, ఏమంటివి?"

"హ్యాజ్ కమ్."

"హ్యాజ్ కమ్" అన్నాడు వాళ్ళ నాయన, గనిలో ఉన్నవాళ్ళందరికీ వినపడేట్టు.